మీ తాతకు బావి ఉందా?

ఊరి లెక్కలు – 6



పోయిన భాగం చదివి ఒక ఎకనామిక్స్ పీజీ విద్యార్థి అడిగినాడు: "అన్నా, భూగర్భ జలాలు అడుగంటినాయి. తోడేది తగ్గించాలి. ఎవరైనా తగ్గించాల్సిందే. ఈ లెక్కలో కులం ఎక్కడొస్తుంది? మోడల్‌కు కులం తెలియదు కదా?"

మంచి ప్రశ్న. కొట్టిపారేసేది కాదు. మోడల్‌కు కులం తెలియదనే మాట నిజమే. సరిగ్గా అందుకే ఈ భాగం ఇంత పొడుగు రాయాల్సి వచ్చింది. ఓపిగ్గా చదవండి, తప్పులుంటే చెప్పండి.

ముందు మా చిన్నాయన సంగతి.

శింగనమల మండలంలో మా చిన్నాయనకు రెండున్నర ఎకరాల డీకేటీ పట్టా ఉంది. గుట్ట కింద రాళ్ల నేల. వాన పడితే వేరుశనక్కాయ, పడకపోతే వలస. ఎస్సీల భూములకు ప్రభుత్వ ఖర్చుతో బోరు వేస్తారంటే అర్జీ పెట్టుకున్నాడు. ఆధార్, పాస్‌బుక్, కుల ధ్రువీకరణ, అన్నీ ఇచ్చినాడు. చాలా తిరిగినాక ఒక ఆఫీసులో చెప్పింది ఇదీ: "మీ ఊరు లిస్టులో ఉంది. నీళ్లు అతిగా తోడేసిన ఊరు. కొత్త బోరుకు పర్మిషన్ రాదు."

ఆయన పొలం గట్టుకు అవతల ఒకే పట్టాదారుకు మూడు బోర్లున్నాయి. చీనీ తోట. అవి ఆ లిస్టు రాకముందు వేసినవి. కాబట్టి అవి చట్టబద్ధం.

ఇంటికొచ్చి అరుగు మీద కూర్చోని మా చిన్నాయన అన్న మాట నాకు ఏ పాఠ్యపుస్తకంలోనూ దొరకలేదు. "నీళ్లు అయిపోయినాయని మనకు చెప్తాండారు సరే. తాగినోళ్లు ఎవురబ్బీ?"

ఈ భాగమంతా ఆ ఒక్క ప్రశ్న గురించే.

ముందు మోడల్‌ను మర్యాదగా విందాం

1968లో గారెట్ హార్డిన్ అనే అమెరికన్ జీవశాస్త్రవేత్త 'సైన్స్' పత్రికలో ఒక వ్యాసం రాసినాడు. ఉమ్మడి వనరుల విషాదం గురించి. ఊరందరిదీ అయిన ఒక బీడు ఉంది. ఒక్కో కాపరి ఇంకో పశువును తోలితే వచ్చే లాభమంతా అతనిదే. బీడు పాడైతే వచ్చే నష్టం మాత్రం అందరి మీదా పడుతుంది, అతనికి తగిలేది అందులో చిన్న వాటా. అందుకని ప్రతివాడూ ఇంకోటి, ఇంకోటి తోలుతాడు. చివరికి బీడే మిగలదు.

బీడు స్థానంలో నేలకింది నీళ్లను పెట్టండి, పశువు స్థానంలో బోరును పెట్టండి. అనంతపురం కథ వచ్చేస్తుంది. సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల దగ్గర వాన పడే జిల్లా. నేను తోడిన నీళ్లతో పండిన పంట నాది. మట్టం కిందికి పోయిన నష్టం చుట్టుపక్కల అందరిదీ. ఎకనామిక్స్‌లో దీన్ని ఎక్స్‌టర్నాలిటీ అంటారు. నా పని వల్ల ఇంకొకరి మీద పడే భారం, నా ఖర్చు లెక్కలోకి రాని భారం.

దీనికి తోడు కరెంటు ధర. 1980లలో హార్స్‌పవర్‌కు ఏడాదికి 50 రూపాయల స్లాబు వచ్చింది. అంటే ఒక గంట నడిపినా, రాత్రీ పగలూ నడిపినా బిల్లు ఒక్కటే. తర్వాత సంస్కరణల పేరుతో కరెంటు చార్జీలు పెంచితే రాష్ట్రమంతా లేచింది. 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పుల్లో ముగ్గురు చనిపోయినారు. 2004 మే 14న వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేసిన రోజే ఉచిత కరెంటు ఫైలు మీద సంతకం పెట్టినాడు. ఎకనామిస్టులు అప్పటి నుంచీ ఒకటే చెప్తున్నారు: ఇంకో బిందె తోడడానికి అయ్యే ఖర్చు సున్నా అయితే, తోడడం ఎక్కడా ఆగదు.

ఈ వాదన తప్పని నేననను. నీళ్లు పోతున్నాయి. పోతే ముందు ఎండేది ఎవరిది? ఆరు వందల అడుగులు దింపగలిగినవాడిది కాదు. మా కాలనీ చేతిపంపు ఎండింది ముందు. మా ఆడవాళ్లు బిందెలు పట్టుకొని అదే తోట బోరు దగ్గరికి పోయి నిలబడినారు. కాబట్టి "హద్దు పెట్టొద్దు, ఎవరిష్టం వాళ్లు తోడుకోండి" అనే వాదన దళితుల వాదన కాదు. హద్దు లేకపోతే ముందు చచ్చేది మనమే.

నా గొడవ హద్దుతో కాదు. హద్దు ఏ రోజు నుంచి గీస్తారు అనేదానితో.

ఓటు నుంచి పొగ దాకా తాతల హక్కు

పర్యావరణ ఎకనామిక్స్‌లో ఒక మాట ఉంది, గ్రాండ్‌ఫాదరింగ్. కొత్తగా హద్దు పెట్టేటప్పుడు అప్పటికే వాడుకుంటున్నవాళ్ల వాడకాన్ని హక్కుగా ఒప్పుకోవడం. పాతవాళ్లకు మినహాయింపు, కొత్తవాళ్లకు రూలు.

ఈ మాట ఎక్కడ పుట్టిందో తెలుసుకోవాలి. అమెరికాలో బానిసత్వం రద్దయి నల్లవాళ్లకు ఓటు వచ్చినాక, దక్షిణాది రాష్ట్రాలు దాన్ని తిరిగి లాక్కోడానికి చదువు పరీక్షలు, ఆస్తి షరతులు పెట్టినాయి. కానీ చదువురాని పేద తెల్లవాళ్లు కూడా ఉన్నారు కదా, వాళ్ల ఓటు పోతే ఎలా? 1898లో లూసియానా ఒక ఉపాయం కనిపెట్టింది. 1867 జనవరి 1 నాటికి నీకు గానీ, నీ తండ్రికి గానీ, నీ తాతకు గానీ ఓటుండి ఉంటే నీకు ఏ పరీక్షా లేదు. ఆ తేదీకి నల్లవాళ్ల తాతలకు ఓటెక్కడిది? చట్టంలో రంగు అనే మాట లేదు. ఒక తేదీ ఉంది, అంతే. ఇలాంటి క్లాజును అమెరికా సుప్రీంకోర్టు కొట్టేయడానికి 1915 దాకా పట్టింది.

కులం పేరు, రంగు పేరు రాయకుండా కులం పని, రంగు పని చేయించొచ్చు. తేదీ సరిగ్గా ఎంచుకుంటే చాలు.

ఓటు దగ్గర కొట్టేసిన ఆ పద్ధతి పర్యావరణ విధానంలోకి దర్జాగా వచ్చింది. 1990లో అమెరికా ఆమ్ల వర్షాలను తగ్గించడానికి గంధకపు పొగకు పర్మిట్లు పెట్టింది. మోడల్‌గా అది గొప్ప విజయమని ఎకనామిక్స్ పుస్తకాలన్నీ చెప్తాయి, పొగ తగ్గిన మాటా నిజమే. ఆ పర్మిట్లు ఎవరికిచ్చినారు? చాలావరకు ఉచితంగా, అప్పటికే బొగ్గు కాలుస్తున్న కరెంటు కేంద్రాలకు, 1985–87 నాటి వాడకాన్ని ఆధారం చేసుకొని. 1997 క్యోటో ఒప్పందంలో ధనిక దేశాలు ఎంత తగ్గించాలన్నది 1990 నాటి వాటి పొగ నుంచి లెక్క. అంటే 1990లో ఎక్కువ పొగ వదిలినవాడికి ఎక్కువ పొగ వదిలే హక్కు.

దీన్ని మన దేశం నుంచే గట్టిగా ప్రశ్నించినారు. 1991లో అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ ఒక చిన్న పుస్తకం రాసినారు. భూమి మోయగలిగిన పొగను దేశాల పాత వాడకాన్ని బట్టి కాకుండా మనుషుల తలలను బట్టి పంచాలన్నది వాళ్ల వాదన. బతకడానికి వదిలే పొగా, విలాసానికి వదిలే పొగా ఒకటి కాదన్నారు. ఢిల్లీలో కూర్చున్న ప్రభుత్వాలన్నీ ఆ వాదనను అంతర్జాతీయ సభల్లో వాడుకున్నాయి, "ముందు కాల్చింది మీరు, ఇప్పుడు మమ్మల్ని ఆపమంటారా?" అని.

న్యాయమైన మాట. ఐక్యరాజ్యసమితిలో భారతదేశం అడిగే ఈ ప్రశ్నకూ, అరుగు మీద మా చిన్నాయన అడిగిన ప్రశ్నకూ తేడా ఏముంది? మరి జెనీవాలో న్యాయమైన మాట శింగనమలలో ఎందుకు చెల్లదు?

ఒక ఊహా ఊరి లెక్క

విద్యార్థి మిత్రుల కోసం ఒక చిన్న మోడల్ వేస్తాను. ఇది ఊహా ఊరు, ఏ ఊరి గణాంకాలూ కావు.

ఊర్లో 200 కుటుంబాలు. 40 కుటుంబాలకు తలా ఒక బోరు. ఏడాదికి నేలలోకి ఇంకే నీళ్లు 100 వంతులు. ఒక్కో బోరు 3 వంతులు తోడుతుంది, మొత్తం 120. ఏటా 20 వంతులు అప్పు చేస్తున్నట్టు లెక్క.

మొదటి పరిష్కారం: కొత్త బోర్లు బంద్, ఉన్న బోర్లు రెండున్నర వంతులకు తగ్గాలి. 40 బోర్లు, రెండున్నర వంతులు, మొత్తం 100. నీళ్లు నిలబడతాయి.

రెండో పరిష్కారం: 200 కుటుంబాలకు తలా అర వంతు హక్కు. మొత్తం 100. నీళ్లు నిలబడతాయి.

మోడల్‌ను అడిగితే రెండూ సరైన జవాబులే అంటుంది. నేల కింద మట్టం రెండింట్లోనూ ఒక్కటే. ఎకనామిక్స్‌లోనే రోనాల్డ్ కోస్ 1960లో ఇంకో ముక్క చెప్పినాడు: హక్కు మొదట ఎవరికిచ్చినా, బేరసారాలకు అడ్డంకి, ఖర్చు లేకపోతే చివరికి వనరు అదే వాడకానికి చేరుతుంది. అంటే రెండో పద్ధతిలో కూడా చీనీ తోటకు నీళ్లు అందొచ్చు. కాకపోతే ఆ తోట రైతు మా చిన్నాయన దగ్గర అర వంతు కొనుక్కోవాలి. డబ్బు ఇటు నుంచి అటు పోయే బదులు అటు నుంచి ఇటు వస్తుంది.

కాబట్టి మొదటి పరిష్కారాన్ని ఎంచుకున్నది ఎకనామిక్స్ కాదు. ఎకనామిక్స్ పేరు చెప్పి ఇంకెవరో ఎంచుకున్నారు. మోడల్‌కు కులం తెలియదు, నిజమే. మోడల్‌కు మొదటి ఏడాది ఏదో చెప్పేవాడికి తెలుసు.

2002లో వచ్చిన వాల్టా చట్టం, అంటే నీరు, భూమి, చెట్ల చట్టం, మంచి ఉద్దేశంతో వచ్చిందే. తాగునీటి వనరుకు 250 మీటర్ల లోపల బావి తవ్వాలంటే అనుమతి కావాలంది. బావులన్నీ నమోదు చేయాలంది. అతిగా తోడిన ప్రాంతాల్లో కొత్త బావులను నిషేధించే అధికారం ఇచ్చింది. ఇవన్నీ అవసరమే. కానీ ఉన్న బావుల నీళ్లు తిరిగి ఎలా పంచాలన్న ఊసు లేకుండా కొత్త బావిని ఆపితే, ఆ రోజుకు బావి ఉన్నవాడికి హక్కు రాసిచ్చినట్టే. ఎస్సీ, ఎస్టీ భూములకు బోర్లు వేస్తామని ఇందిర జలప్రభ వచ్చింది 2011లో. దశాబ్దాలుగా ఇంకొకరు తోడినాక మన వంతు వచ్చింది. మన వంతు వచ్చేసరికి కుండ ఖాళీ.

ఆ తేదీకి ముందు ఏం జరిగింది

2002 నాటికి మన చేతిలో బావి ఎందుకు లేదు? సోమరితనమా? అదృష్టమా? చరిత్ర తవ్వాలి.

కడప జిల్లా పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. విజయనగర బుక్కరాయల కొడుకు భాస్కరుడు కట్టించిన చెరువు. మంచి చెరువుకు కావాల్సిన 12 అంగాలను ఆ శాసనం వరుసగా చెప్తుంది. మొదటిది ధర్మాత్ముడైన రాజు. రెండోది జలశాస్త్రం తెలిసిన బ్రాహ్మణుడు. తర్వాత గట్టి నేల, తీపినీళ్ల నది, కొండ, రాతికట్ట, రాళ్ల గని, చదునైన పొలాలు. పన్నెండోది, ఆఖరిది, కట్టడంలో నేర్పున్న పనివాళ్ల గుంపు. రెండేళ్లపాటు రోజూ వెయ్యి మంది పని చేసినారని, వంద బండ్లు రాళ్లు తోలినాయని కూడా శాసనం చెప్తుంది. రాజు పేరుంది. వెయ్యి మందిలో ఒక్కరి పేరు లేదు.

నిజానికి అది కూడా ఒక మోడలే. వనరు, పెట్టుబడి, సాంకేతిక జ్ఞానం, శ్రమ, అన్నీ ఉన్నాయి. శ్రమ ఎక్కడుందో చూడండి.

మా శింగనమల పెద్ద చెరువు పేరు శ్రీరంగరాయల చెరువు. దానికీ రాజు పేరే.

ఇక కంపెనీ కాలం. 1800లో నిజాం మన సీమ జిల్లాలను కంపెనీకి అప్పజెప్పినాడు. 1858లో మద్రాసు ప్రెసిడెన్సీకి ఒక నిర్బంధ శ్రమ చట్టం వచ్చింది. చెరువు కట్టకు గండి పడే ప్రమాదం ఉంటే, చుట్టుపక్కల కూలీ వర్గాల మగవాళ్లను బలవంతంగానైనా పనికి రప్పించొచ్చని ఆ చట్టం. అందులో భూస్వామి వర్గం అని లేదు. కట్ట తెగితే మునిగేది ఆయకట్టు పొలం, దాన్ని ఆపాల్సింది కూలి చేసేవాడు.

24 ఏళ్ల తర్వాత, 1882లో ఈజ్‌మెంట్స్ చట్టం వచ్చింది. నీ భూమి కింద హద్దులేని దారుల్లో ఇంకే నీళ్లను తోడుకునే హక్కు ఆ భూమి యజమానిదని ఆ చట్టం తేల్చింది. భూమి ఉంటే పాతాళం దాకా నీళ్లు నీవి. భూమి లేకపోతే గొంతు తడుపుకోడానికి కూడా ఇంకొకరి దయ.

1858, 1882 పక్కపక్కన పెట్టి చదవండి. ఒకటి శ్రమ ఎవరిదో చెప్పింది, రెండోది నీళ్లు ఎవరివో చెప్పింది. రెండు చట్టాల్లోనూ కులం అనే మాట అక్కర్లేకపోయింది.

1997లో ఉమ్మడి రాష్ట్రంలో నీటి వినియోగదారుల సంఘాల చట్టం వచ్చింది. రైతులే చెరువులూ కాలువలూ నడుపుకోవాలన్న ఆలోచన, ప్రపంచ బ్యాంకు మెచ్చుకున్నది. ఆయకట్టులో భూమి ఉన్నవాళ్లకు, రికార్డుకెక్కిన కౌలుదార్లకు ఓటు. చెరువు నీళ్లను ఇంకోరకంగా వాడుకునేవాళ్లకు, పశువులు తోలేవాళ్లు, బట్టలు ఉతికేవాళ్లు, వీళ్లకు ఓటు లేదు.

మా తాత నీరుగంటి. మన సీమలో చాలా ఊళ్లలో నీరుగంటి మాలో మాదిగో. తూము తెరిచేది, మూసేది, ఏ మడికి ఎంతసేపు నీళ్లు పారాలో చూసేది ఆయనే. దళితుడికే ఎందుకు ఇచ్చినారంటే, భూమి లేనివాడు కాబట్టి ఎవరి పక్షం వహించడట. న్యాయంగా పంచే అర్హత ఏమిటంటే తన వాటా సున్నా కావడం. మా జేజి చెప్పేది, తూము రాయి మీద నీటి మట్టం ఎంతవరకు ఉందో చూసి, ఈ ఏడు ఎన్ని ఎకరాలు నాటొచ్చో మా తాత చెప్పేవాడని. మరవ పారిన ఏడు ఒక లెక్క, సగం నిండిన ఏడు ఇంకో లెక్క. దీన్నే ఇప్పుడు ప్రాజెక్టు రిపోర్టుల్లో వాటర్ బడ్జెట్ అంటున్నారు. బదులుగా ఆయనకు దక్కింది కల్లంలో మేర గింజలు. 1997 చట్టం నాటికి ఆయన బతికి ఉండి ఉంటే ఆ చెరువు సంఘంలో ఆయనకు ఓటుండేది కాదు.

గ్రామ రిపబ్లిక్కులో పౌరుడెవరు?

హార్డిన్‌కు గట్టి జవాబిచ్చింది ఎలినార్ ఆస్ట్రమ్. 2009లో ఎకనామిక్స్ నోబెల్ తీసుకున్న మొదటి మహిళ. ఉమ్మడి వనరును జనం కూర్చోని మాట్లాడుకొని కాపాడుకోగలరని, ప్రైవేటు ఆస్తీ సర్కారు కర్రా రెండే దారులు కావని ఆమె 1990 పుస్తకంలో ప్రపంచం నలుమూలల నుంచి ఉదాహరణలతో చూపించింది. హార్డిన్ సంగతి చెప్పాలంటే, పేద దేశాలకు తిండి సాయం చేయొద్దని 1974లో వాదించిన మనిషి. ఆ ఇద్దరిలో నేను ఆస్ట్రమ్ వైపే.

ఆస్ట్రమ్ వాదనకు బలమిచ్చిన పరిశోధనల్లో ఒకటి మన పక్క జిల్లాది. రాబర్ట్ వేడ్ కర్నూలు జిల్లా కాలువ కింది ఊళ్లను చూసి 1988లో 'విలేజ్ రిపబ్లిక్స్' అనే పుస్తకం రాసినాడు. కాలువ చివర, నీళ్లకు కటకట ఉన్న ఊళ్లలో రైతులు సొంతంగా నిధి పెట్టుకొని, నీళ్లు కట్టేవాళ్లనూ పొలం కాపలావాళ్లనూ జీతానికి పెట్టుకున్నారని చూపించినాడు. ఆ ఏర్పాటును నడిపింది పెద్ద రైతులే అని, వాళ్లకు ఎక్కువ లాభం ఉండబట్టే అది నిలబడిందని కూడా ఆయన దాచకుండా రాసినాడు. పరిశోధకుడిగా నిజాయితీ అది.

కానీ ఆ పేరు చూడండి. గ్రామ రిపబ్లిక్కు అన్న మాట కంపెనీ అధికారి చార్లెస్ మెట్‌కాఫ్ నుంచి వచ్చింది. 1948 నవంబర్ 4న రాజ్యాంగ సభలో బాబాసాహెబ్ ఆ మెట్‌కాఫ్ మాటనే ఎత్తి, గ్రామాన్ని కీర్తించేవాళ్లను నిలదీసినాడు. ఊరిని కాకుండా మనిషిని రాజ్యాంగానికి మూలంగా తీసుకున్నందుకు సంతోషం అన్నాడు.

ఇది పర్యావరణ ఎకనామిక్స్‌కు కూడా పాఠం. 'ఊరి నీళ్లు', 'సమాజం', 'వినియోగదారులు' అన్నప్పుడు లోపల ఎవరున్నారు? ఆస్ట్రమ్ చెప్పిన సూత్రాల్లో మొదటిది, హక్కుదార్లెవరో హద్దులు స్పష్టంగా ఉండాలి. మన ఊళ్లలో హద్దులు ఎప్పుడూ స్పష్టంగానే ఉన్నాయి, వాడ హద్దు అవతలే ఉంది. 1927 మార్చి 20న మహద్‌లో బాబాసాహెబ్ చౌదార్ చెరువు నీళ్లు దోసిట పట్టింది ఆ హద్దును చెరపడానికే. అదే ఆస్ట్రమ్ ఇంకో సూత్రం చెప్పింది, రూలు ఎవరి మీద పడుతుందో వాళ్లకు ఆ రూలు మార్చడంలో చెయ్యి ఉండాలి. ఇది మన ఆయుధం. దీన్ని పట్టుకోండి.

మోడల్‌ను ఎలా ప్రశ్నించాలో కూడా బాబాసాహెబే నేర్పినాడు. 1918లో చిన్న కమతాల మీద వ్యాసం రాసినాడు. కమతం చిన్నది కాబట్టి గిట్టడం లేదు, కలిపేయండి అని ఎకనామిస్టులు అంటుంటే, సాగు గిట్టేది ఎకరాల సంఖ్య వల్లనే కాదు, దానికి తోడు ఎంత పెట్టుబడి, ఎంత శ్రమ ఉన్నాయన్న దాన్ని బట్టి అని తిప్పికొట్టినాడు. లెక్క తప్పని అనలేదు. లెక్కలో ఏం వదిలేసినారో చూపించినాడు.

తొట్టి కాదు, బండ

నేలకింది నీళ్ల ఎకనామిక్స్‌లో 1980లో గిసర్, సాంచెజ్ అనే ఇద్దరు రాసిన ప్రసిద్ధ వ్యాసం ఒకటుంది. అమెరికాలోని న్యూమెక్సికో రాష్ట్రం, పెకోస్ లోయ లెక్కలతో. వాళ్ల మోడల్‌లో నేలకింది నీళ్లు ఒక స్నానపు తొట్టిలో ఉన్నట్టు ఉంటాయి. ఎక్కడ తోడినా మట్టం అంతటా సమానంగా దిగుతుంది. అలాంటి చోట నియంత్రణ వల్ల వచ్చే అదనపు లాభం చాలా తక్కువని వాళ్లు తేల్చినారు.

మన కింద తొట్టి లేదు. నల్లబండ, దాని పగుళ్లలో నీళ్లు. ఒక బోరుకు పడతాయి, పదడుగుల అవతల దుమ్ము లేస్తుంది. అందుకే మన జిల్లాలో ఒకే రైతు పది బోర్లు వేసి పదీ ఫెయిలై అప్పుల్లో పోయిన కథలున్నాయి. బండలో జూదం ఆడాలంటే ఓడిపోవడానికి డబ్బుండాలి. డీకేటీ పట్టా మీద అప్పు దొరకడమే కష్టం. 1977లో వచ్చిన చట్టం ఆ భూమి అమ్మకాన్ని నిషేధించింది, అది మన రక్షణ కోసమే. కానీ జూదంలో కూర్చోడానికి మన దగ్గర చిప్ప కూడా లేదని దాని అర్థం. తొట్టి మోడల్‌లో ఇదేదీ కనిపించదు.

మన జిల్లాలోనే ఆడిన ఆట

2010ల్లో అంతర్జాతీయ ఆహార విధాన పరిశోధన సంస్థ, ఫౌండేషన్ ఫర్ ఎకలాజికల్ సెక్యూరిటీ కలిసి మన అనంతపురం జిల్లా ఊళ్లలో ఒక ఆట ఆడించినాయి. ఐదుగురు కూర్చుంటారు. అందరికీ కలిపి కొన్ని నీళ్లు. ఒక్కో సీజన్‌కూ తక్కువ నీళ్ల పంటా, ఎక్కువ నీళ్ల పంటా ఎవరికి వాళ్లు ఎంచుకోవాలి. ఎక్కువ నీళ్ల పంటకు ఎక్కువ డబ్బు. అందరూ దాన్నే ఎంచుకుంటే కొన్ని సీజన్లకే నీళ్లు ఖాళీ. మొదట మాట్లాడుకోకుండా, తర్వాత మాట్లాడుకుంటూ ఆడతారు. ఆట అయినాక ఊరంతా కూర్చోని చర్చించుకుంటారు. మోడల్‌ను జనం చేతికిచ్చే పద్ధతి ఇది, నాకు నచ్చింది. అంతకుముందు ఏపీఫామ్స్ ప్రాజెక్టు ఏడు కరువు జిల్లాల్లో రైతుల చేతికే వానకొలత, బోరు మట్టం కొలిచే టేపు ఇచ్చింది. ఎంత ఇంకింది, ఎంత తోడొచ్చు అని రబీకి ముందు వాళ్లే లెక్క వేసుకున్నారు. జ్ఞానం ఆఫీసులో ఉండిపోలేదు.

కానీ ఆ ఆటలో నా ప్రశ్న ఒకటే. ఆటగాడు ఎంచుకునేది ఈ పంటా, ఆ పంటా అని. పంట వేయడానికి భూమే లేనివాళ్లకు, ఆ పొలంలో కలుపు తీసే మనిషికి, ఏ ఎంపిక ఉంది? పంట మారితే ఆమె కూలి రోజులు మారతాయి. ఆట ఆమెను తాకుతుంది, ఆమె ఆటను తాకదు.

ఇంకో సంగతి. 2006 ఫిబ్రవరి 2న దేశంలో ఉపాధి హామీ పథకం మొదలైంది మన శింగనమల నియోజకవర్గంలోనే, నార్పల మండలం బండ్లపల్లిలో. ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చినాడు. ఆ పథకం కింద చెరువుల్లో పూడిక తీసింది, ఇంకుడు కుంటలు, కందకాలు తవ్వింది ఎక్కువగా మన ఆడవాళ్లూ మగవాళ్లూ. 1858లో లాగా బలవంతం కాదు. కూలి ఇచ్చినారు, అది చిన్న విషయం కాదు. ఎస్సీల సొంత భూముల్లో పనులూ చేసుకునే వీలు ఉండింది. కానీ గుట్ట మీద మనం తవ్విన కందకంలో ఇంకిన నీళ్లు ఎక్కడ తేలతాయి? కింది పొలం బోరులో. 1882 చట్టం ప్రకారం అవి ఎవరివి? కింది పొలం యజమానివి. తోడినవాడి వల్ల నష్టం జరిగితే ఎక్స్‌టర్నాలిటీ అని పేజీలు రాసే ఎకనామిక్స్, ఇంకించినవాడి వల్ల జరిగిన లాభానికి కూడా ఆ పేరే పెడుతుంది. మరి ఆ లాభంలో వాటా ఎక్కడ? రోజు కూలి గుంత తవ్వినందుకు. ఆ గుంత పదేళ్లపాటు నింపిన నీళ్లకు కాదు.

దారి లేదా?

ఉంది, దూరం పోనక్కర్లేదు. మా శింగనమల మండలం మాదిరెపల్లిలో 2004 తర్వాత సెంటర్ ఫర్ వరల్డ్ సాలిడారిటీ అనే సంస్థ తోడ్పాటుతో రైతులు ఒక ఒప్పందానికి వచ్చినారు. కొత్త బోర్లు వేయొద్దు. దానికి బదులు, ఉన్న బోరు నీళ్లను బోరు లేని పక్క పొలంతో పంచుకోవాలి. తక్కువ నీళ్ల పంటలు వేయాలి. ఈ ఒప్పందంలో రెండు ముక్కలూ కలిసి ఉన్నాయి చూడండి. "నువ్వు కొత్తగా తవ్వొద్దు" అనే ముక్కతో పాటు "నా దాంట్లో నీకు వాటా" అనే ముక్క. మన చట్టాలు మొదటి ముక్కను మాత్రమే తీసుకున్నాయి. మాదిరెపల్లి పద్ధతిలో కూడా పక్క పొలం ఉన్నవాడికే వాటా, పొలమే లేనివాళ్ల సంగతి మిగిలే ఉంది. అయినా తాతల హక్కును ఊరి జనం తమంతట తాము సడలించుకోవచ్చని అది చూపించింది.

మిగిలిన ముక్క గురించి బాబాసాహెబ్ 1947లో 'స్టేట్స్ అండ్ మైనారిటీస్'లో రాసినాడు. వ్యవసాయం ప్రభుత్వ పరిశ్రమ కావాలి, భూమిని కులమతాల తేడా లేకుండా పంచి ఉమ్మడిగా సాగు చేయించాలి, భూస్వామీ కౌలుదారూ భూమిలేని కూలీ అనే తేడాలే ఉండకూడదు. అంతేకాదు, సాగుకు కావాల్సిన నీళ్లు, పశువులు, పనిముట్లు, ఎరువు, విత్తనం ప్రభుత్వమే సమకూర్చాలి. ఆ వరుసలో నీళ్లు ముందున్నాయి. రాజ్యాంగంలోకి అది రాలేదు. ఆ లెక్క మాత్రం కొట్టివేత పడలేదు, వాయిదా పడింది.

విద్యార్థి మిత్రులకు నాలుగు ప్రశ్నలు ఇచ్చి ముగిస్తాను. నీళ్లయినా, అడవయినా, పొగయినా, ఏ పర్యావరణ మోడల్ మీ ముందు పెట్టినా ఇవి అడగండి.

ఒకటి, ఈ లెక్క ఏ ఏడాది నుంచి మొదలైంది? ఆ ఏడాదిని ఎవరు ఎంచుకున్నారు?

రెండు, ఇందులో 'వినియోగదారుడు' అంటే ఎవరు? భూమి లేని మనిషి ఏ గడిలో ఉంది?

మూడు, పని ఎవరిది, ఫలితం ఎవరి పొలం కిందికి పోతుంది?

నాలుగు, రూలు మార్చే ఓటు ఎవరికుంది?

శింగనమల ఎస్సీ రిజర్వుడు నియోజకవర్గం. సీటు మనది. అసెంబ్లీలో ఈ నాలుగు ప్రశ్నలు అడిగే గొంతు అక్కడి నుంచే రావాలి. వాల్టా కింద కొత్త బోరును ఆపిన ప్రతి ఊర్లోనూ, ఉన్న బోర్ల నీళ్లలో దళితుల పొలాలకూ తాగునీటికీ వాటా రాసిన తర్వాతే ఆ నిషేధం అమలు కావాలి. ఇంకించే పని చేసినవాళ్లకు ఇంకిన నీళ్లలో హక్కు కావాలి. ఇవి గొంతెమ్మ కోరికలు కావు. అదే లెక్క, అదే 100 వంతులు.

మా చిన్నాయన అర్జీ ఇంకా ఏదో ఫైల్లో ఉంది. ఈసారి ఆయన అర్జీతో పాటు ఒక కాగితం జతపరుస్తున్నాం. అందులో ఊరి బోర్ల లిస్టు, ఏది ఏ సంవత్సరం వేసింది, ఎవరి పేరు మీద ఉంది అని. మా కాలనీ డిగ్రీ పిల్లలు ముగ్గురు రెండు ఆదివారాలు తిరిగి రాసినారు. మీ ఊర్లోనూ ఇలాంటి లిస్టు రాయండి. కష్టమైన పని కాదు, ఒక నోటుబుక్కు, రెండు ఆదివారాలు.

వచ్చే భాగంలో బీళ్ల గురించి రాస్తాను. ఊరి పశువులు మేసే గుట్టలు సర్కారు కాగితాల్లో 'వృథా భూమి' ఎట్లయినాయో చూద్దాం.

జై భీమ్.